ఫుల్క్ దొరగారి ఎస్టేటు

"ఐదో దొర దిగుతున్నాడర్రా! ఈయనైనా నాలుగు కాలాలు నిలుస్తాడంటారా?" అంటూ ఆవిస్ పందులకి కుడితి పోసింది.

థార్న్‌హోల్ట్ ఎస్టేటు ఏ దొరకీ అచ్చిరాలేదు మరి. మొదటాయన రాజుగారి మీద తిరగబడి తల పోగొట్టుకున్నాడు. ఆయన తమ్ముడు పాముచేప ముల్లు గొంతులో ఇరుక్కుని పోయాడు. ఆ తమ్ముడి అల్లుడు ఒక గుర్రం మీద మనసుపడి ఎస్టేటునే అమ్మేశాడు. కొన్నాయన యుద్ధానికెళ్ళాడు, ఇక రాలేదు.

ఎవరొచ్చినా ఆచారం ఒక్కటే. ఊళ్ళో గడ్డితో సహా ఒక మట్టిపెళ్ళ తవ్వి దొర చేతిలో పెట్టాలి. ఆయన దాన్ని ముద్దు పెట్టుకుని, ఆ పెళ్ళ ఏ నేలదో ఆ నేలే తనదని ఒట్టేయాలి. అప్పుడే ఆ భూమి ఆయనది. పెళ్ళ తవ్వే పని తాతలనాటి నుంచీ ఆవిస్ ఇంటివాళ్ళది.

ఫుల్క్ దొర వస్తూనే హుకుం జారీ చేశాడు. "పెళ్ళ ఏటి ఒడ్డు పచ్చిక బయలు నుంచే తేవాలి. అక్కడ కంచె కట్టించి జింకల్ని పెంచుతాను."

ఊరంతా గొల్లుమంది. ఊళ్ళో ఆవులన్నీ మేసేది అక్కడే. అది పోతే పిల్లలకి పాలచుక్క ఉండదు.

"తవ్వకే ఆవిస్, నీకు పుణ్యముంటుంది!" పొరుగింటి హాబ్ బతిమాలాడు.

"తవ్వకపోతే నా తోలు తీస్తాడు. నీ తోలిస్తావా?" అని పార భుజాన వేసుకుని, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయింది.

"కొంప ముంచింది మహాతల్లి!" అన్నారు జనం.

మర్నాడు అందరూ చర్చి ముందు చేరారు. ఆవిస్ తెచ్చిన పెళ్ళ మీద గడ్డి నిగనిగలాడుతోంది.

"అబ్బ, ఎంత బలమైన నేల!" దొర మురిసిపోయాడు. అంతలో ఆవిస్ పంది ఒకటి పరిగెత్తుకొచ్చి ఆ పెళ్ళకేసి మూతి చాచింది.

"చూశారా, దానికి కూడా దొరగారంటే ఎంత ప్రేమో!" అంది ఆవిస్. ఒక్కరూ నవ్వలేదు.

దొర పెళ్ళని గట్టిగా ముద్దు పెట్టుకున్నాడు. ముక్కు కాస్త ముడిచాడు. బైబిలు మీద చెయ్యేశాడు. "ఈ పెళ్ళ ఏ నేలదో ఆ నేలే నాది. దాన్ని దాటి జానెడు అడిగితే నరకానికి పోతాను!"

"రేపు ఒట్టు తీసి గట్టున పెట్టరు కదా దొరా?" అడిగింది ఆవిస్.

"నా మాటంటే మాటే!"

"అయితే రండి, మీ ఎస్టేటు చూపిస్తా," అని ఆవిస్ ఆయన్ని తిన్నగా తన పందుల దొడ్డి వెనక్కి తీసుకెళ్ళి, నిన్న తాను పారతో తవ్విన గుంత ముందు నిలబెట్టింది.