ఆఖరి వరుస

బొగ్గుగని దీపాల గదిలో ఆ రాత్రి హాల్ష్కా ఒక్కతే ఉంది. గని కార్మికులను కాపాడే సెయింట్ బార్బరా పండగని గని మూసేశారు. కింద మనిషన్నవాడు లేడు. పాత యూనిక్స్ యంత్రంలోని స్క్రిప్టు కొత్త లినక్స్ మీద కూడా అదే జవాబిచ్చేలా తెల్లారేలోగా సరిచేయాలి. కిందికి తీసుకెళ్ళిన దీపాల్లో తిరిగి రానివెన్నో లెక్కపెట్టడమే ఆ స్క్రిప్టు పని.

పాతది సున్నా అంది. కొత్తది ఒకటి అంది.

స్క్రిప్టు రాసిన వాలెంటిగారికి ఫోన్ చేసింది. ఉద్యోగం మానేసిన ఆ ముసలాయన నవ్వాడు. “ఒక్కో సిస్టంది ఒక్కో యాస అమ్మాయ్. అన్నిటికీ తెలిసిన మాటలతోనే రాయి.”

అలాగే రాసింది. ఈసారి రెండు యంత్రాలూ ఒకటి అనే అన్నాయి.

కారణం దొరికింది. ఫైల్లో ఆఖరి వరుసకు ముగింపు గుర్తు లేదు. అలాంటి వరుసను పాత యంత్రం ఇన్నేళ్ళూ చదవకుండా వదిలేస్తోంది. హాల్ష్కా నిన్నటి ఫైలు తెరిచింది, పోయినేడుది తెరిచింది. ప్రతిదాని చివరా అదే దీపం.

“రెండువందల పదకొండో దీపం ఎవరిదండీ?” ముసలాయనకు మళ్ళీ ఫోన్ చేసి అడిగింది.



“ఆ వరుస చెరిపెయ్,” అన్నాడాయన. “సున్నా రానిచ్చి ఇంటికి పో తల్లీ.” ఫోన్ పెట్టేశాడు.

ఆమె చెరిపే మీట మీద వేలు పెట్టింది. అప్పుడు గని అడుగు నుంచి లిఫ్టు గంట మోగింది. మూడుసార్లు మోగితే మనిషిని పైకి లాగమని అర్థం. హాల్ష్కా ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది.

మూడోది మోగాక, మెల్లగా వేలు వెనక్కి తీసుకుంది.