పల్లపు వీధి మురుగు

నవంబరు తొమ్మిదో తారీఖు రాత్రి రొట్టె, ఉడికించిన గుడ్డు తిని, పంపు మేస్త్రీ తన బావమరిదితో మురుగు పంపుగదికి వచ్చాడు. పల్లపు వీధిని సముద్రం మింగి నాలుగేళ్లయింది. మేస్త్రీ భార్యతో సహా అక్కడివాళ్లంతా పోయారు. మిగిలిన ఊరు మెట్టకెక్కింది. అయినా ఆ వీధి గొట్టంలోంచి గోరువెచ్చటి మురుగు పడుతోంది. జిడ్డు నురగ, నమిలి ఊసిన మెతుకులు, ఉండలు చుట్టుకున్న పొడుగాటి తలవెంట్రుకలు.

“గొట్టం మూసెయ్ బావా, డోకొస్తోంది,” అన్నాడు బావమరిది ముక్కు పట్టుకుని.

మేస్త్రీ గొట్టం మూసే చక్రం పట్టుకున్నాడు. కానీ తిప్పబోయిన చెయ్యి ఆగిపోయింది.

“మూస్తే ఈ కంపంతా మీ అక్క ఇంట్లోకే ఎగదన్నుతుందిరా.”

గొట్టం లోపల ఎవరో నీళ్లు పుక్కిలించి ఉమ్మారు.

‘పోనీలే, అక్కడ తనకి వేన్నీళ్లయినా దొరుకుతున్నాయి,’ అనుకుని, చక్రం వదిలేసి, మేస్త్రీ చప్పుడు కాకుండా తలుపు వేశాడు.