గంతుల తాత

"తాతగారూ, ముందు దిగండి! అది వంతెన, వ్యాయామశాల కాదు!"

చిజురు నది గట్టు మీంచి గొంతు చించుకుని అరిచింది.

వేలాడే చెక్కవంతెన మీద కురమోచి వానలో తడుస్తూ, ఈ చివర నుంచి ఆ చివరకు దబదబా గంతులేస్తూ నడుస్తున్నాడు.

రెండేళ్ళ క్రితం ఎక్కణ్ణుంచో వచ్చి పేటలో గది అద్దెకు తీసుకున్నాడు. వాన పడితే చాలు, వంతెనెక్కేవాడు. గంతుల తాత అని పిల్లలు పేరు పెడితే, పెద్దలూ అలాగే పిలిచారు.

"ఇంకాసేపు తల్లీ," అన్నాడు తల వంచి.

"తుఫాను వస్తోంది. కాలు జారితే ఎవరు జవాబు చెప్పాలి?"

"వానలో ఎవరూ నడవరు కదమ్మా. పెట్టెకు తిండెలా?"

ఆ పెట్టె చిజురుకు ప్రాణం. మున్సిపాలిటీ ఇంజనీరుగా వంతెన కింద బిగించింది తనే. మనుషులు నడిస్తే వంతెన అదురుతుంది. ఆ అదురే పెట్టెకు కరెంటు. నది పెరగగానే అది కబురంపితే పేటలో సైరన్ మోగుతుంది.

తీగ లేదు, బ్యాటరీ లేదు, మీ అడుగులే చాలని ఊరంతా చాటుకుంది.

"నాకే దగ్గులు నేర్పుతున్నారా తాతగారూ!"

చెయ్యి పట్టుకుని దింపేసింది. ఉదయం పదింటికి వంతెనకు అడ్డంగా తాడు కట్టించింది. అతను మరోసారి తల వంచి వెళ్ళిపోయాడు.

సాయంత్రం నాలుగింటికి సైరన్ మోగింది.

పేటంతా కొండ మీది బడికి చేరింది. పేట పెద్ద ఇనబ జాబితా చూసి పేర్లు పిలిచాడు. ఎనభై ముగ్గురూ పలికారు.

"నీ పెట్టె చల్లగుండ, అమ్మాయ్!"

అందరూ చప్పట్లు కొడుతుంటే చిజురుకు ఆనందంతో ఏడుపొచ్చింది.

తెల్లారి చూస్తే వంతెన లేదు.

చిజురు పెట్టె పంపిన లెక్కలు తెరిచి చూసి ఇనబ దగ్గరికి పరుగెత్తింది.

"ఇనబగారూ, ఎవరూ నడవకపోతే పెట్టె రెండు గంటల్లో ఆగిపోవాలి. నాలుగున్నర దాకా పనిచేసింది."

"గాలికి ఊగుంటుందిలే."

"గాలి ఇలా నడవదండీ. ఇవి అడుగులు. ఒక్క మనిషివి. ఆరు గంటలు."

"మనవాళ్ళంతా ఇక్కడే ఉన్నారుగా! నేనేగా పిలిచాను..."

ఇనబ జాబితా మళ్ళీ చూశాడు. అందులో ఉన్నవి సొంత ఇళ్ళవాళ్ళ పేర్లు. అద్దెకుండేవాళ్ళ పేర్లు రాసే అలవాటు ఆ పేటకు లేదు.

"తెలిసే చెప్పారండీ తాతగారు," చిజురు వెక్కి వెక్కి ఏడ్చింది. "నేనే వినలేదు."

మూడోరోజు దిగువన కురమోచి శవం దొరికింది.

తొమ్మిదేళ్ళ క్రితం కొండవతల ఊరిని, తన ఇంటిల్లిపాదితో సహా నది ఊడ్చుకుపోతుంటే, కరెంటు లేని సైరన్ మీటను నొక్కుతూనే ఉండిపోయిన కాపలాదారు ఇతనేనని పోలీసులు చెప్పారు.