ఈశాన్యం గోడ

రామచంద్రపురం నుంచి వచ్చిన కొత్త ఎలక్ట్రీషియన్ అబ్బులు గోడని సుత్తితో తట్టి చూస్తున్నాడు. సున్నం వాసన ఇంకా పోని గది అది. రత్నమాణిక్యం గుమ్మం తెర వెనక నిలబడింది. ఆ ఊళ్లో రాజుల ఇళ్లల్లో ఆడవాళ్లు పరాయి మగవాళ్ల ఎదట పడరు.

"బాబూ, మళ్లీ తీగలన్నీ ఒక్క గొట్టంలోనే తోసెయ్యకు" అంది తెర వెనక నుంచే.

అబ్బులు పలకలేదు. తల కూడా తిప్పలేదు. పాపం, మర్యాద తెలిసినవాడు.

ఈ గొడవ రొయ్యల డబ్బుతో ఇల్లు కట్టిన నాడే మొదలైంది. ఏసీకీ, గీజరుకీ, మోటారుకీ లావు తీగలు కావాలన్నారు. భర్త భీమరాజు సన్న తీగలే రెండేసి జోడించమన్నాడు. ఒకటి మోయలేనిది రెండు మోయవా అని ఆయన లెక్క. పైగా, ఈశాన్యం గోడకి గాడి కొడితే అరిష్టమని సిద్ధాంతి చెప్పాడు. దాంతో ఆ తీగలన్నీ కూతురు హైమ తలాపు వైపు గోడలో ఒకే గొట్టంలోకి ఎక్కాయి.

చెయ్యి వేస్తే ఆ గోడ వెచ్చగా తగిలేది. రత్నమాణిక్యం నెత్తీ నోరూ కొట్టుకుంది.

"ఏవండీ, ఇరుకు గదిలో పదిమంది పడుకుంటే ఉక్క పొయ్యదూ? తీగలైనా అంతేనంట. గుంపుగా ఉన్నప్పుడు ఒక్కోటి మోసే బరువు తగ్గించి లెక్కేసుకోవాలంట. మా తమ్ముడు చెప్పాడండి."

"మీ తమ్ముడు చెబితే ఇంక వేదమే" అని నవ్వేశాడు భీమరాజు.

ఇప్పుడు ఆ నవ్వూ లేదు. ఆమెతో మాటే లేదు. ఎదురుపడ్డా ఆమె వైపు చూడడు. రాజుగారు అలిగితే అంతే మరి.

ఆమెకి అలకల గొడవ పట్టలేదు. హైమ మళ్లీ ఈ గదిలోనే పడుకుంటుంది, నిద్రలో గోడకి చెయ్యి ఆనిస్తుంది. అది తలుచుకుంటే ఆమెకి భయం. ఆ భయంతోనే గది విడిచి వెళ్లలేకపోతోంది.

భీమరాజు లోపలికి వచ్చాడు.

"ఏసీకి వేరే గొట్టం, గీజరుకి వేరే, మోటారుకి వేరే. అన్నీ లావు తీగలే వెయ్యి."

"ఆయ్, అలాగేనండి. కానీ అన్ని గొట్టాలు ఈ ఒక్క గోడలో పట్టవండి. ఈశాన్యం గోడ కూడా కొట్టాలండి."

"కొట్టు."

తెర వెనక రత్నమాణిక్యానికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకి తన మాట విన్నాడు. సంతోషంతో ఏడుపొచ్చేసింది.

అబ్బులు నసిగాడు. "తర్వాత అరిష్టమంటారేమోనండి, రాజుగారూ."

భీమరాజు గోడకి చెయ్యి ఆనించాడు.

"ఇంకేం అరిష్టం మిగిలిందిరా, పిల్లని బయటికి తోసేసి మా ఆవిడ ఈ గదిలోనే కాలిపోయింది."