విశ్రాంతి లాంటిదేదో

కాఫీలో చక్కెర లేదు. అయినా సాంపో చెంచాతో కలుపుతూనే ఉన్నాడు.

చర్చి గాయక బృందానికి అతనే నాయకుడు. ముప్ఫై ఇంకా దాటలేదు. మింగలేక కక్కలేక ఏదో మాట మోసుకొచ్చాడని, గుమ్మంలో బూట్లు విప్పిన తీరులోనే రౌహా కనిపెట్టింది.

"ఈ ఈస్టరుకి..." అన్నాడు, బృందంలో పాడే ఆమె భర్త ఓయివాతో. "అంటే, మీకూ ఒకవేళ అలా అనిపిస్తేనే సుమండీ, కాస్త విశ్రాంతి లాంటిదేదో తీసుకుంటే బాగుండొచ్చేమో అని."

"విశ్రాంతా?"

"మరీ విశ్రాంతని కాదు. అలాంటిదే."

రౌహాకి ఒళ్లు మండింది.

ఈ సావో ప్రాంతపు జనమంతా ఇంతే. ఫిన్లండ్‌లో ఇంకే మూలా లేదు ఈ రోగం. ఇల్లు తగలబడుతున్నా, 'కొంచెం వెచ్చగా ఉన్నట్టుంది కదూ' అంటారు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ చూస్తోంది.

ఆమె పుట్టింది పడమటి మైదానంలో, లాపువాలో. అక్కడ కుంటి గుర్రాన్ని కుంటిదనే అంటారు. కొనేవాడూ అంటాడు, అమ్మేవాడూ అంటాడు.

ఓయివా ముఖం మాత్రం వెలిగిపోయింది.

"నిజమేనయ్యా. ఈమధ్య గొంతు బొంగురు పోయింది. రోజూ ఉప్పునీళ్లు పుక్కిలిస్తా. ఈస్టరు నాటికి గంటలా మోగుతుంది, చూస్తూండు."

సాంపో నోరు తెరిచాడు. మూశాడు.

"అదీ... అలా కూడా జరగొచ్చు" అన్నాడు.

ఇంకో తీపి బన్ను తీసుకున్నాడు.

వెళ్లేటప్పుడు రౌహా అతని వెనకే వసారాలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. అతను వంగి లేసులు కట్టుకుంటున్నాడు.

"వద్దనే మాట నీ నోట రాదా, అబ్బాయ్?"

"అలా అని కాదండీ, రౌహా గారూ. వద్దనడం కొంచెం..."

"ఊఁ. కొంచెం?"

"కటువుగా ఉంటుందేమో."

"మా ఆయన గొంతు పోయిందా, లేదా?"

కట్టిన ముడి విప్పాడు. మళ్లీ కట్టాడు.

"పోయిందండీ" అన్నాడు చివరికి, బూటుతో చెబుతున్నట్టు. "రెండేళ్లవుతోంది. పక్కన నిలబడ్డవాళ్లు కూడా శ్రుతి తప్పుతున్నారు. చెప్పడానికి ఎవరికీ మనసొప్పలేదు. మీరైతే..."

"నేనైతే?"

"మీరైతే చెప్పగలరేమోనని, అందరం..."

అందరూ!

అందరూ కూర్చుని, కాఫీలు తాగి, ఆ మాటను ఆమె నెత్తిన పెడదామనుకున్నారన్న మాట. ఆమెకు నోటిదురుసని వెనకాల చెప్పుకునేది కూడా వీళ్లే.

"నీది మర్యాద కాదురా, పిరికితనం" అంది. "పైన కాస్త తేనె రాసుకుని తిరుగుతున్నావు, అంతే."

"అలా కూడా అనుకోవచ్చు" అన్నాడు సాంపో.

కాఫీ చాలా బాగుందని చెప్పి మెట్లు దిగిపోయాడు.

లోపల, వంటింటి సింకు దగ్గర ఓయివా అప్పుడే ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నాడు. మధ్యలో ఆగి ఒక పై స్వరం అందుకోబోయాడు. అందలేదు. మళ్లీ పుక్కిలించాడు.

"ఆపు" అంది రౌహా.

ఆపాడు.

"వాడు చెప్పింది విశ్రాంతి గురించి కాదు. నీ గొంతు పోయింది, ఓయివా. ఇక బృందంలో పాడొద్దంటున్నారు."

ఓయివా గ్లాసు కడిగాడు. గట్టు మీద బోర్లించాడు.

"వాడు అలా అన్నాడా?"

"వాడికంత దమ్మెక్కడిది? నేనంటున్నాను."

కిటికీ అవతల సరస్సు మీది మంచుగడ్డ కరగబోతూ నల్లబడుతోంది. అటే చూస్తూ నిలబడ్డాడు.

తిడతాడనుకుంది. తిడితే నాలుగు తిట్టడానికి సిద్ధంగానే ఉంది.

"నువ్వు చెప్పడమే మంచిదయింది" అన్నాడు ఓయివా.

గదిలోకి వెళ్లి, ఈస్టరు కోసం తలుపుకు వేలాడదీసిన నల్లకోటు తీసి బీరువాలో పెట్టాడు. బీరువా తలుపు చప్పుడు కూడా కాలేదు.

ఈస్టరునాడు ఇద్దరూ కింద, జనంలో కూర్చున్నారు. పైన బృందం నిలబడింది. ఓయివా నిలబడే చోటు ఖాళీగా లేదు. అటూ ఇటూ ఉన్నవాళ్లు కాస్త కాస్త జరిగి నింపేశారు.

పాడారు. ఒక్కరూ శ్రుతి తప్పలేదు.

దరిద్రులు, అనుకుంది రౌహా. ఎంత బాగా పాడుతున్నారో!

ఓయివా చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, చెవి ఒగ్గి విన్నాడు.

తర్వాత జనమంతా లేచి నిలబడి పాడవలసిన పాట వచ్చింది. ఓయివా పుస్తకం తీసి, వెతక్కుండానే పేజీ తెరిచి, ఆమెకు కనిపించేలా పట్టుకున్నాడు. పెదవులు మాత్రం కదపలేదు.

"ఇది బృందం పాట కాదు, అందరూ పాడేదే. పాడు" అంది మెల్లగా.

తల అడ్డంగా ఊపాడు. మొదటి మాట మీద వేలు పెట్టి చూపించాడు, నువ్వు పాడు అన్నట్టు.

రౌహా చర్చిలో ఎన్నడూ నోరు విప్పి పాడింది లేదు. అంతమంది మధ్య భర్త ఒక్కడే నోరు మూసుకుని నిలబడడం చూడలేక అందుకుంది. మొదటి పంక్తిలోనే శ్రుతి చేజారింది. ముందు బెంచీలో ఒకావిడ మెడ తిప్పబోయి మానేసింది.

ఓయివా వేలు పదాల కింద జరుగుతూ వెళ్లింది. ఆమె వెనకబడ్డ చోటల్లా ఆగింది.

పాట అయ్యాక అందరూ కూర్చున్నారు. అతను పుస్తకం మూసి, ఆమె చెవి దగ్గరకు వంగాడు.

"చక్కగా పాడావు" అన్నాడు.

రౌహా అతని చేతిలోంచి పుస్తకం తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.