సూట్‌కేసు పట్టుకున్న విగ్రహం

పార్కు గేటు దాటగానే లస్మవ్వ చెప్పులు విడిచేసింది.

“గుడి గాదత్తమ్మా, ఏసుకో. కాళ్లు కాల్తయి,” అంది కోడలు తిరుమల.

లస్మవ్వ వినలేదు. రుద్రంగి నుంచి సిరిసిల్ల దాకా బస్సులో ఆమె నోట ఒకటే మాట. “పక్కింటి సారక్క అబద్ధమాడది. పార్కుల బొమ్మ అచ్చం మన మొగిలే అన్నది.” పొలం గట్ల మీద దండలేసిన సిమెంటు విగ్రహాలు కిటికీలోంచి కనబడినప్పుడల్లా మొహం తిప్పుకుంది. అవి చనిపోయినవాళ్లవి.

మొగిలి ఆమె కొడుకు. సౌదీలోని దమ్మాం వెళ్లి ఆరేళ్లు. ఫోను రాక రెండేళ్లు. ప్రతి సోమవారం తిరుమల కలెక్టర్ ఆఫీసుకు దరఖాస్తు పట్టుకుని వెళ్తుంది. తిరిగొచ్చాక లస్మవ్వ “ఏమన్నరు?” అని అడుగుతుంది. “చూస్తమన్నరు,” అంటుంది తిరుమల.

పార్కు నిండా విగ్రహాలు: మగ్గం ముందు నేతగాడు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, బతుకమ్మను ఎత్తుకున్న పిల్ల. వాళ్లందరినీ దాటి చివరికి వెళితే, సూట్‌కేసు పట్టుకుని నిలబడ్డ వలస కూలీ విగ్రహం.

లస్మవ్వ గద్దె ఎక్కింది. వేలితో దాని ఎడమ కనుబొమ్మ తడిమింది. గాటు ఉంది. చిన్నప్పుడు మొగిలికి కొడవలి తగిలిన గాటు.

“నా కొడుకే పిల్లా! బొమ్మ చేసినాయన మొగిలిని చూసిండు. చూడకుంటే గీ గాటు ఎట్లొస్తది? యాడనో ఉన్నడు. ఉన్నడు నా కొడుకు!”



అప్పుడు లస్మవ్వ కళ్లు విగ్రహం మెడ మీద పడ్డాయి. బంతిపూల దండ. ఇంకా పూర్తిగా వాడలేదు.

“బతికున్నోనికి దండేసింది ఎవడ్రా? వాని చేతులిరగ!”

ఆ అరుపుకు వాచ్‌మన్ భూమయ్య పరుగెత్తుకొచ్చాడు. “దిగవ్వా, పడ్తవ్. నీ నడుమిరిగితే నన్నంటరు.”

“ఎవడేసిండు?”

“నాకేమెర్క? నా డ్యూటీ మధ్యాన్నం సంది. నేనొచ్చేసరికే ఉంటది. వారానికొకటి మారుతది. గిన్ని బొమ్మలుండంగ గీయనొక్కనికే, లీడరు లెక్క,” అని నవ్వాడు.

లస్మవ్వ దండ పట్టుకుని లాగింది. వెనక ముడి గట్టిగా ఉంది, రాలేదు. తిరుమల గద్దె ఎక్కి, విగ్రహం మెడ వెనక్కి చేయి పోనిచ్చి, చూడకుండానే విప్పేసింది.

“మోరీల పారెయ్,” అంది లస్మవ్వ.

తిరుమల దండను మడిచి సంచిలో పెట్టుకుంది.

“సోమారం సోమారం సిరిసిల్లకొస్తివి. ఒక్కసారన్న ఇటు చూడకపోతివా?”

“ఆఫీసు కాడికెల్లే మర్లిపోత అత్తమ్మా.”

లస్మవ్వ భూమయ్య చేయి పట్టుకుంది. “కొడుకా, చేసినాయన యాడుంటడు? ఒక్క మాటడగాలె. మావోడు లేడంటే నేను గీ బువ్వ ఎందుకు తింటున్న, చెప్పు?”

భూమయ్య నవ్వు ఆగిపోయింది. “నంబరు మున్సిపల్ ఆఫీసుల దొరుకుతదవ్వా.”

“నేనడుగుత,” అంది తిరుమల. “వచ్చే సోమారం.”

లస్మవ్వ కొంగుతో కొడుకు మొహం మీది దుమ్ము తుడిచింది. చెంగు ముడిలోంచి కుంకుమ పొట్లం తీసి, కోడలి నుదుట రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది.

“నీ పుస్తె గట్టిది బిడ్డా.”

తిరుమల తల వంచి పెట్టించుకుంది.

మొగిలిని అక్కడే పూడ్చారని రెండేళ్ల కిందట దమ్మాం నుంచి వచ్చిన కాగితాన్ని బియ్యం డబ్బాలో దాచేసి, పొలం గట్టున విగ్రహం పెట్టుకోలేక, అతని ఫోటో తెచ్చి ఈ పార్కు శిల్పి చేతిలో పెట్టింది ఆమే.