తోడుగా పెట్టిన అద్దం

"అమ్మా, చేప కదలట్లేదే!"

మళ్లీ పరీక్ష తప్పి గదిలోంచి బయటికి రాని చిన్నకూతురు కేక పెట్టింది. తల్లి పరుగున వచ్చింది. గాజుతొట్టె అడుగున బెట్టా జాతి పోట్లాట చేప రెక్కలు ముడుచుకుని పడి ఉంది.

"ఒక్కటే బిక్కుబిక్కుమంటోందని, తోడుగా నేనే తొట్టెకు అద్దం ఆనించానే!"

"కాసేపుంచి తీసెయ్యాలమ్మా! ఎదురుగా ఉన్నది శత్రువనుకుని రాత్రీ పగలూ పోట్లాడింది. అద్దంలో దాన్ని ఇదెలా గెలుస్తుంది?"

తల్లి అద్దం లాగేసింది. చాలాసేపటికి చేప మొప్ప ఒక్కసారి కదిలింది.

కూతురు కళ్లు తుడుచుకుని చదువుబల్ల ముందు కూలబడింది. ఎదురుగా గోడ మీద, తల్లి మేకులు కొట్టి బిగించిన ఫొటోలో, మెడలో బంగారు పతకంతో అక్క నవ్వుతోంది.

తల్లి స్టూలెక్కి ఫొటో పట్టుకు లాగింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"రావట్లేదే. నేనే గట్టిగా దిగ్గొట్టాను. కాస్త పట్టు తల్లీ."